తుపాకి భాగాలు చెప్పే చరిత్ర: ఏకరూపత, వ్యత్యాసం, వలస పాలన

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు కింది పనులు చేయగలుగుతారు:
– ఒకదాని స్థానంలో మరొకటి అమర్చగల విడిభాగాల తయారీ ఎలా మొదలైందో వివరించడం
– ఒకే నమూనా తుపాకుల భాగాల మధ్య తేడాలు ఎందుకు వచ్చాయో చెప్పడం
– వలస ప్రభుత్వం ఆయుధాల పంపిణీలో పాటించిన అసమానతను గుర్తించడం
– 1922–24 మన్యం తిరుగుబాటులో ఆయుధాల సమస్యను విశ్లేషించడం
– పాత వస్తువును చారిత్రక ఆధారంగా పరీక్షించే పద్ధతిని అనుసరించడం

1. పరిచయం

మీలో చోడవరం, మాడుగుల, అనకాపల్లి ప్రాంతాల వారు ఉంటే చెరకు క్రషర్ మీకు కొత్త కాదు. బెల్లం వండే రోజుల్లో క్రషర్ గేరు పన్ను విరిగితే రైతు ఏం చేస్తాడు? అనకాపల్లి వెళ్లి అదే నంబరు గేరు కొని తెస్తాడు. అది ఒక్కోసారి సరిగ్గా కూర్చుంటుంది. ఒక్కోసారి లేత్ షాపులో కొంచెం అరగదీయిస్తే గాని కూర్చోదు. నంబరు ఒకటే, నమూనా ఒకటే. అయినా ఒక కంపెనీ గేరుకూ మరో కంపెనీ గేరుకూ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడా వెనక తయారీ పద్ధతి, యంత్రం వయసు, కొలిచిన మనిషి శ్రద్ధ, గిరాకీ తెచ్చిన తొందర వంటి కారణాలు ఎన్నో ఉంటాయి.

సైనిక తుపాకుల విషయంలోనూ ఇదే జరిగింది. బ్రిటిష్ సామ్రాజ్యం ఒకే నమూనా తుపాకిని మూడు ఖండాలలో తయారు చేయించింది. యుద్ధాలు ముగిశాక మిగిలిన తుపాకులు, విడిభాగాలు పోలీసు ఠాణాలకు, కాపలా దళాలకు, కవాతు మైదానాలకు చేరాయి. వాటి మీది ముద్రలను, భాగాల తేడాలను చదవడం నేర్చుకుంటే దస్తావేజులలో కనిపించని కొన్ని విషయాలు బయటపడతాయి. ఈ పాఠంలో ఆ పద్ధతిని పరిచయం చేసుకుని, మన మన్యం చరిత్రకు అన్వయించి చూద్దాం.

2. చేతిపని నుంచి మార్పిడి భాగాల దాకా

18వ శతాబ్దం చివరి వరకు తుపాకిని పూర్తిగా చేతిపనితో తయారు చేసేవారు. గొట్టం ఒకరు, పేల్చే యంత్రాంగం ఒకరు, కొయ్య భాగం మరొకరు చేసేవారు. చివరి పనివాడు ఆకురాయి పట్టి ఒక్కో భాగాన్ని రుద్దుతూ పక్క భాగంతో పొందించేవాడు. అలా తయారైన తుపాకి భాగం మరో తుపాకికి పట్టదు. యుద్ధభూమిలో ఒక చిన్న స్ప్రింగు విరిగితే తుపాకిని కమ్మరి దగ్గరికి పంపవలసిందే.

ఈ పరిస్థితిని మార్చే ప్రయత్నం మొదట ఫ్రాన్స్‌లో జరిగింది. ఒనొరే బ్లాన్ అనే తుపాకి నిపుణుడు ఒకే కొలతలతో భాగాలు చేయించాడు. విప్పి పోగుపెట్టిన భాగాల నుంచి చేతికందినవి తీసుకుని యంత్రాంగాన్ని బిగించవచ్చని చూపించాడు. 1785లో ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్ దీన్ని స్వయంగా చూసి తన ప్రభుత్వానికి రాశాడు. అమెరికాలో ఎలీ విట్నీ 1801లో ఇలాంటి ప్రదర్శనే ఇచ్చి పేరు తెచ్చుకున్నాడు. చాలా కాలం పాటు పాఠ్యపుస్తకాలు అతన్నే మార్పిడి భాగాల పితామహుడిగా చెప్పాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. 20వ శతాబ్దంలో పరిశోధకులు విట్నీ కర్మాగారం తుపాకులను విప్పి పరీక్షించారు. ఒక తుపాకి భాగాలు మరో దానికి సరిగ్గా పట్టలేదు. ఏ భాగం ఏ తుపాకిదో తెలియడానికి పనివారు పెట్టుకున్న గుర్తులు కూడా కనిపించాయి. భాగాలు నిజంగా ఒకదానికొకటి మారేవే అయితే ఆ గుర్తులతో పని ఉండదు. కాగితం మీద నిలిచిన కీర్తిని వస్తువు సవాలు చేసింది. గేజీల సాయంతో నిజమైన ఏకరూపత సాధించినవారిలో ముఖ్యుడు జాన్ హాల్. అతడు 1820లలో హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారంలో పనిచేశాడు.

1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో అమెరికన్ రైఫిళ్లను చూసిన బ్రిటిష్ అధికారులు ఆ పద్ధతిని తమ దేశానికి తెచ్చుకోవాలనుకున్నారు. అమెరికన్ యంత్రాలు కొని ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ కర్మాగారంలో నెలకొల్పారు. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ అక్కడ 1850ల చివరి నుంచి మార్పిడి భాగాలతో తయారైంది. అదే నమూనాను బర్మింగ్‌హామ్‌లోని ప్రైవేటు పనివారు పాత చేతిపని పద్ధతిలోనే చేస్తూ వచ్చారు. ఫలితంగా పేరు ఒకటే అయినా ఒక రకం తుపాకుల భాగాలు పరస్పరం మారతాయి, రెండో రకానివి మారవు. 1857 తిరుగుబాటుకు తక్షణ కారణాలలో ఒకటైన కొవ్వు పూసిన తూటా ఈ నమూనా రైఫిల్ కోసం వచ్చినదే.

3. కొలతలో తేడా ఎందుకు వస్తుంది?

ఏ యంత్రమూ రెండు భాగాలను అణువంతైనా తేడా లేకుండా చేయలేదు. కోసే పనిముట్టు అరుగుతుంది. వేడికి లోహం పెరుగుతుంది. అందువల్ల కర్మాగారం ప్రతి కొలతకూ ఒక గరిష్ఠ హద్దు, ఒక కనిష్ఠ హద్దు నిర్ణయిస్తుంది. ఈ రెండింటి మధ్య అనుమతించే తేడాను సహన పరిమితి అంటారు. భాగం ఆ హద్దులలో ఉందో లేదో చూడడానికి గేజీలు వాడతారు. ఒక గేజి భాగంలో పట్టాలి, రెండోది పట్టకూడదు.

లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. మన పోలీసు భాషలో ఇదే ‘త్రీ నాట్ త్రీ’. తూటా వెనక అంచు, దాన్ని వెనక నుంచి ఆపే బోల్టు తల – ఈ రెండింటికీ సంబంధించిన కొలత ఈ తుపాకిలో అతి కీలకం. ఆ ఖాళీని సరిచూసే గేజీలలో చిన్నది 0.064 అంగుళం, పెద్దది 0.074 అంగుళం. చిన్న గేజి మీద బోల్టు మూసుకోవాలి, పెద్దదాని మీద మూసుకోకూడదు. రెండింటి మధ్య తేడా అంగుళంలో నూరో వంతు, అంటే సుమారు పావు మిల్లీమీటరు. ఖాళీ ఎక్కువైతే తూటా గుల్ల పగిలే ప్రమాదం ఉంది.

అందుకే ఆ తుపాకిలో బోల్టును మార్పిడి భాగంగా వదిలేయలేదు. బోల్టును ఏ తుపాకికి పొందించారో ఆ తుపాకి వరస సంఖ్యను బోల్టు మీద కూడా చెక్కేవారు. తరవాత వచ్చిన నాలుగో నంబరు రైఫిల్‌లో ఇదే సమస్యకు మరో మార్గం కనిపెట్టారు. బోల్టు తలలను కొద్దికొద్ది పొడవు తేడాతో 0, 1, 2, 3 అని నాలుగు కొలతలలో చేశారు. తుపాకి అరిగి ఖాళీ పెరిగితే తరవాతి సంఖ్య తలను బిగిస్తే సరిపోతుంది. తేడా రాక తప్పదని ఒప్పుకుని, దానికి ముందే ఏర్పాటు చేసుకోవడం ఈ పద్ధతి ప్రత్యేకత.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) విట్నీ తుపాకుల మీది గుర్తులు ఏ అభిప్రాయాన్ని ప్రశ్నార్థకం చేశాయి?
(ఆ) సహన పరిమితి అంటే ఏమిటి? క్రషర్ గేరు ఉదాహరణతో వివరించండి.

4. భారతదేశంలో: ఇచ్చిన ఆయుధం, ఇవ్వని ఆయుధం

ఇంతవరకు చూసిన తేడాలు తయారీలో వచ్చినవి. వలస భారతదేశంలో కావాలని పెట్టిన తేడాలు కూడా ఉన్నాయి.

రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. అవి గుండును తిప్పుతూ పంపడం వల్ల గురి దూరం వరకు నిలుస్తుంది. 1857 తరవాత భారతీయ సిపాయిలకు ఎన్‌ఫీల్డ్‌ను పోలిన తుపాకులే ఇచ్చారు గాని, వాటి గొట్టాలను లోపల నున్నగా ఉంచారు. బయటి నుంచి చూస్తే తేడా పెద్దగా తెలియదు. పేల్చినప్పుడు మాత్రం బ్రిటిష్ సైనికుడి గుండు చేరే చోటికి సిపాయి గుండు చేరదు. ఆ తరవాతి దశాబ్దాలలో స్నైడర్, మార్టినీ-హెన్రీ, లీ-మెట్‌ఫర్డ్ వంటి కొత్త నమూనాలు ముందుగా బ్రిటిష్ దళాలకు వచ్చేవి. భారతీయ దళాలకు సాధారణంగా ఒక తరం వెనకటి ఆయుధం దక్కేది. పోలీసుల వంతు వచ్చేసరికి సైన్యం వాడి వదిలినవి, కురచ చేసినవి, మార్పులు చేసినవి మిగిలేవి. 1878 ఆయుధాల చట్టం సామాన్య ప్రజలకు లైసెన్సు తప్పనిసరి చేసి యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. చట్టంలో ఉన్న అసమానతే ఆయుధం లోపలా ఉన్నదని మీరు గుర్తించాలి.

కలకత్తా సమీపంలోని ఇషాపూర్‌లో 20వ శతాబ్దం మొదటి దశకంలో రైఫిల్ కర్మాగారం ఏర్పడింది. లీ-ఎన్‌ఫీల్డ్ కురచ నమూనాను అక్కడ తయారు చేయసాగారు. ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్, బి.ఎస్.ఏ., ఎల్.ఎస్.ఏ. కర్మాగారాలతో పాటు 1912 నుంచి ఆస్ట్రేలియాలోని లిత్‌గో కూడా ఇదే నమూనాను చేసింది. ఇషాపూర్‌లోనే పోలీసు, కాపలా దళాల కోసం ఒక ప్రత్యేకమైన మార్పు చేశారు. 303 రైఫిల్‌ను 410 గొట్టపు మస్కెట్‌గా మార్చి, తూటాల పెట్టెను కొయ్య దిమ్మతో మూసేశారు. ఒక్కసారికి ఒక్క తూటా మాత్రమే పెట్టి పేల్చాలి. సైన్యపు 303 తూటాలు దానికి పనికిరావు. దాని తూటాలు సైన్యపు రైఫిల్‌కు ఎక్కవు. ఆ తుపాకి ఎవరి చేతికి చిక్కినా పెద్దగా ఉపయోగపడకూడదన్న ఆలోచన ఈ మార్పులో స్పష్టంగా కనిపిస్తుంది.

5. 1922: ఇరవై ఆరు తుపాకులు

ప్రభుత్వానికి ఈ జాగ్రత్త ఎందుకో మన మన్యం చరిత్ర చూస్తే అర్థమవుతుంది. మొదట ఊరి పేర్ల విషయంలో ఒక హెచ్చరిక. పాత విశాఖపట్నం జిల్లాలోని చోడవరం వేరు, గోదావరి ఏజెన్సీలోని రంపచోడవరం వేరు. 1922 అక్టోబరులో తిరుగుబాటుదారులు దాడి చేసినది రంపచోడవరం ఠాణా మీద. పరీక్షలో చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు.

1882 మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని అడ్డుకుంది. రోడ్డు పనులలో చాలీచాలని కూలి ఇచ్చి గిరిజనుల చేత చాకిరీ చేయించారు. గూడెం తహసీల్దారు బాస్టియన్ మీద ఫిర్యాదులు పేరుకున్నాయి. ఈ నేపథ్యంలో అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, గాం మల్లు దొర మొదలైనవారు తిరుగుబాటు ప్రారంభించారు. అటవీ ప్రాంతంలో విల్లంబులకు కొదువ లేదు. లేనివి తుపాకులు. అవి ఉన్న చోటు పోలీసు ఠాణా. అందుకే మొదటి దెబ్బ ఠాణాల మీదే పడింది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరుసగా మూడు రోజులు, మూడు ఠాణాలు. మొత్తం 26 పోలీసు కార్బైన్ మస్కెట్లు, 2500కు పైగా తూటాలు చేజిక్కాయి. తీసుకున్న ఆయుధాల వివరాలు ఠాణా దస్త్రంలో రాసి రాజు సంతకం పెట్టాడు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో జరిగిన దాడిలో స్కాట్ కవర్డ్, హేటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు మరణించారు.

ఇప్పుడు ఈ అంకెలను కాస్త లెక్క వేసి చూడండి. 2500 తూటాలను 26 తుపాకులకు పంచితే ఒక్కోదానికి సుమారు 96 వస్తాయి. సాధన చేయడానికి, గురి తప్పినవాటికి, వానలో తడిసి పాడైనవాటికి, పోరాటానికి – అన్నింటికీ కలిపి అంతే. ప్రభుత్వం వైపు ఈ హద్దు లేదు. తూటాలు అయిపోతే కొత్తవి వస్తాయి. స్ప్రింగు విరిగితే ఆయుధాగారం నుంచి మరొకటి వస్తుంది. తుపాకి పూర్తిగా చెడితే మరో తుపాకి వస్తుంది. మార్పిడి భాగాల పద్ధతి ఇచ్చే బలం ఇదే. ఆ బలం తుపాకిలో ఉండదు, తుపాకి వెనక ఉన్న కర్మాగారంలో, గిడ్డంగిలో, దారిలో ఉంటుంది. ఠాణా నుంచి తుపాకిని తీసుకుపోవచ్చు గాని కర్మాగారాన్ని తీసుకుపోలేరు. మన్యంలో మంచి కమ్మరులు ఉన్నా, అంగుళంలో నూరో వంతు తేడాను పట్టే గేజి లేకుండా, సరైన ఉక్కు లేకుండా విరిగిన భాగానికి సాటి భాగం చేయడం కష్టం.

అందుచేత తిరుగుబాటు నిలవాలంటే ఆయుధాలు మళ్లీ మళ్లీ దొరకాలి. ప్రభుత్వం అది గ్రహించి ఠాణాల రక్షణను మార్చింది. తరవాతి దాడులలో ఆగస్టు నాటి ఫలితం రాలేదు. సైనిక శిక్షణ పొందిన మలబారు స్పెషల్ పోలీసు వచ్చింది. 1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వద్ద తిరుగుబాటుదారులకు గట్టి దెబ్బ తగిలింది. తరవాత అస్సాం రైఫిల్స్ దిగింది. 1924 మే 7న రాజు మరణించాడు. మరుసటి నెలలో గంటం దొర నేలకొరిగాడు. తిరుగుబాటు అణగడానికి ఆయుధాల కొరత ఒక్కటే కారణమని చెప్పకూడదు. గ్రామాల దిగ్బంధం, తిండి కొరత, శిక్షాపన్నులు, వేగుల వ్యవస్థ కూడా పనిచేశాయి. అయితే రెండేళ్ల పాటు అంత తక్కువ ఆయుధాలతో నిలబడడం ఎంత కష్టమో ఈ లెక్క మనకు చూపుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) 1922 ఆగస్టు దాడులు జరిగిన ఠాణాలు, తేదీలు రాయండి.
(ఆ) చేజిక్కిన తుపాకి కాలం గడిచేకొద్దీ ఎందుకు బలహీనపడుతుంది?

6. యుద్ధాలు, మిగులు, కలగలుపు

మొదటి ప్రపంచయుద్ధంలో రైఫిళ్ల గిరాకీ విపరీతంగా పెరిగింది. అవసరం లేదనుకున్న భాగాలను నమూనా నుంచి తొలగించారు. తూటాల పెట్టెను అడ్డగించే పలక, పక్కన ఉండే దూరపు గురి పరికరం అలా పోయినవే. ఇంగ్లండులో చిన్న సంస్థలకు కూడా ఒక్కో భాగం తయారీని అప్పగించి, వాటిని ఎన్‌ఫీల్డ్‌లో కూర్చే పద్ధతి నడిపారు. రెండో ప్రపంచయుద్ధంలో నాలుగో నంబరు రైఫిల్‌ను ఇంగ్లండులో ఫజాకర్లీ, మాల్ట్‌బీ, షర్లీలతో పాటు కెనడాలో లాంగ్ బ్రాంచ్, అమెరికాలో సావేజ్ సంస్థ తయారు చేశాయి. గొట్టంలో 5 గాడులు ఉండవలసిన చోట 2 గాడులతో సరిపెట్టినవి కూడా వచ్చాయి. లిత్‌గో తన దగ్గర దొరికే క్వీన్స్‌లాండ్ మేపుల్ కలపను వాడింది. కాబట్టి కలప రంగు, యంత్రపు గీతల నునుపు, ముద్ర – వీటిని బట్టి భాగం పుట్టిన చోటును, కాలాన్ని అంచనా వేయవచ్చు.

యుద్ధం ముగిశాక మిగిలినవాటిని ఆయుధాగారాలలో విప్పి, సరిచూసి, మళ్లీ బిగించారు. ఒకదాని గొట్టం, మరొకదాని బోల్టు, మూడోదాని కొయ్య ఒకచోట చేరాయి. 1948లో ఏర్పడిన ఎన్.సి.సి.లో కవాతుకు వాడిన డ్రిల్ రైఫిళ్లలో ఈ కలగలుపు బాగా కనిపిస్తుంది. పేలకుండా చేసి ‘డి.పి.’ అని ముద్ర వేసిన తుపాకులవి. 1960లలో ఇషాపూర్ అదే నమూనాను మెరుగైన ఉక్కుతో 7.62 మిల్లీమీటర్ల తూటాకు అనువుగా తయారు చేసింది. రాష్ట్రాల పోలీసులు 303ను చాలా దశాబ్దాలు వాడారు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో దానికి వీడ్కోలు పలికారు.

7. వస్తువును ఆధారంగా చదవడం

ఒక ఉదాహరణను ఊహించుకోండి. మీ ఊరి ప్రదర్శనలో ఒక పాత రైఫిల్ పెట్టారు. కింద ‘1922లో చింతపల్లి ఠాణాలో దొరికిన తుపాకి’ అని చీటీ ఉంది. తుపాకి దేహం మీద ఎన్‌ఫీల్డ్, 1917 అని ముద్ర. గొట్టం మీద ఇషాపూర్, 1943. బోల్టు మీది సంఖ్య, దేహం మీది సంఖ్య వేరు వేరు. మీరు ఏమని నిర్ణయిస్తారు?

మొదటి సూత్రం: భాగాలు కలిసిన వస్తువు వయసును దానిలోని అన్నింటికన్నా కొత్త భాగం నిర్ణయిస్తుంది. 1943 గొట్టం ఉన్నది గనుక ఈ రూపంలో ఈ తుపాకి 1943కు ముందు లేదు.

రెండో సూత్రం: పాత భాగం ఉన్నంత మాత్రాన చీటీ నిజం కాదు, కొత్త భాగం ఉన్నంత మాత్రాన పూర్తిగా అబద్ధమూ కాదు. దేహం 1922 నాటికి ఉండి ఉండవచ్చు. అయితే అది చింతపల్లిలో ఉందని ముద్ర చెప్పదు.

మూడో సూత్రం: సంఖ్యలు కలవకపోవడాన్ని లోపంగా కొట్టిపారేయకండి. ఆ తుపాకిని కనీసం ఒకసారి విప్పి, వేరే భాగాలతో బిగించారని అది సాక్ష్యం చెబుతుంది. మరమ్మతు కూడా చరిత్రే.

నాలుగో సూత్రం: వస్తువు చెప్పేదాన్ని దస్త్రంతో పోల్చాలి. ఠాణా ఆయుధాల పట్టీలో ఉన్న సంఖ్య, దేహం మీది సంఖ్య ఒకటైతేనే చీటీ నిలుస్తుంది. అది దొరకకపోతే ‘ఆ కాలపు నమూనా’ అని రాయడం నిజాయితీ అనిపించుకుంటుంది.

మన ప్రాంతంలో మన్యం పోరాటం మీద గౌరవం ఎక్కువ. ఆ గౌరవంతోనే కొందరు ప్రతి పాత తుపాకినీ రాజు తుపాకి అనుకుంటారు. విద్యార్థిగా మీరు ఆ నమ్మకాన్ని ఎగతాళి చేయనక్కరలేదు, పరీక్షించకుండా ఒప్పుకోనూ అక్కరలేదు. రాజు తాను తీసుకున్నవాటిని ఠాణా దస్త్రంలోనే రాసి సంతకం పెట్టాడన్న సంగతి గుర్తుంచుకోండి. ఆయన పేరుతో మనం రాసే చీటీ కూడా అంత ఖచ్చితంగా ఉండాలి.

8. సారాంశం

మార్పిడి భాగాల పద్ధతి 18వ శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో మొదలై, అమెరికాలో పరిణతి చెంది, 1850లలో ఎన్‌ఫీల్డ్‌కు చేరింది. యంత్రాల అరుగుదల, వేరువేరు కర్మాగారాలు, యుద్ధపు తొందర వల్ల ఒకే నమూనా భాగాలలో తేడాలు వచ్చాయి. భారతదేశంలో వలస ప్రభుత్వం నున్నని గొట్టాలు, పాత నమూనాలు, 410 మస్కెట్ల రూపంలో తేడాలను ఉద్దేశపూర్వకంగా పెట్టింది. 1922లో 26 తుపాకులతో మొదలైన మన్యం పోరాటం, ఆయుధం వెనక ఉండే సరఫరా వ్యవస్థ ఎంత ముఖ్యమో తెలుపుతుంది. మిగులు భాగాలతో కూర్చిన తుపాకిని చదివేటప్పుడు ప్రతి భాగాన్నీ వేరుగా పరీక్షించి, దస్త్రంతో సరిపోల్చాలి.

9. నమూనా పరీక్షా ప్రశ్నలు

1. వలస భారతదేశంలో ఆయుధాల పంపిణీలోని అసమానతను ఉదాహరణలతో వివరించండి. (30 పంక్తులు)
2. ‘ఆయుధ బలం తుపాకిలో కాక దాని వెనక వ్యవస్థలో ఉంటుంది.’ మన్యం తిరుగుబాటు ఆధారంగా చర్చించండి. (30 పంక్తులు)
3. కలగలుపు భాగాలున్న వస్తువు కాలాన్ని ఎలా నిర్ణయిస్తారు? (10 పంక్తులు)
4. అభ్యాసం: మీ ఇంట్లో లేదా ఊళ్లో పాత కుట్టుమిషను, సైకిలు, చెరకు క్రషర్‌లలో ఒకదాన్ని ఎంచుకోండి. దాని భాగాల మీది ముద్రలు రాసుకుని, ఏవి మొదటివో, ఏవి తరవాత మార్చినవో పట్టిక తయారు చేయండి. ఇంటి పెద్దలను అడిగి ఆ మరమ్మతుల చరిత్రను ఒక పుటలో రాయండి.